రెండు క్యారేజీలు

రాయగడ మున్సిపాలిటీలో పదహారేళ్లుగా రోడ్లు ఊడుస్తున్న అప్పమ్మకు ఎవరన్నా లెక్కలేదు, ఒక్క ఆడపడుచు కృష్ణవేణమ్మంటే తప్ప. తల్లి పోయాక తమ్ముడు మల్లేశును చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్లయి ఇరవయ్యేళ్లయినా మల్లేశు ఏ కూర నోట్లో పెట్టుకున్నా అక్క చేతి రుచే వేరంటాడు. ఆ మాట వింటే అప్పమ్మకు ఒళ్లు మంట.

కకిరిగుమ్మలో సెంట్రింగ్ పనికెళ్లిన మల్లేశు పైనుంచి జారిపడి వెన్నుపూస చిట్లగొట్టుకున్నాడు. ఆసుపత్రిలో చంకల నుంచి తుంటి దాకా పిండికట్టు వేశారు. బంధుగాం నుంచి కృష్ణవేణమ్మ మూటతో సహా దిగిపోయింది. పొద్దుటి క్యారేజీ పెళ్లానిది, సాయంత్రపు క్యారేజీ అక్కది అని ఒప్పందం కుదిరింది.

మూడో రోజు అప్పమ్మ పెట్టిన అన్నమంతా మల్లేశు పచ్చటి పసరుతో సహా కక్కేశాడు. అప్పమ్మ అటూ ఇటూ చూసి బేసిను కడిగేసింది. నర్సు అడిగితే శుభ్రంగా తిన్నాడంది. వదినకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? మరదలి వంట పడటం లేదని ఊరూవాడా చాటదూ! మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కృష్ణవేణమ్మ మాత్రం రోజూ ఖాళీ గిన్నె ఊపుకుంటూ ఇంటికొచ్చి, తమ్ముడు తను రాగిపిండితో కాచిన సోడంబలి గటగటా తాగేశాడని చెప్పేది. ఆవిడది నిలుస్తుంది, నాది నిలవదా అని అప్పమ్మ కడుపు ఉడికిపోయేది. ఆ కసితో మరో రెండు ముద్దలు ఎక్కువే కుక్కేది. ఇద్దరి మధ్యా నలగడం అలవాటైన మల్లేశు కిమ్మనేవాడు కాదు.

ఆరో రోజుకు మల్లేశు కళ్లు పీక్కుపోయాయి. పిలిస్తే పలకడం లేదు. డాక్టర్ సౌమ్యరంజన్ వచ్చి, తిండి ఎలా తింటున్నాడని అడిగాడు. వదిన పక్కనే ఉంది. అప్పమ్మ ఆవిడ మీంచి చూపు తిప్పి, మొగుడి ఎండిన పెదవుల వైపు చూసింది.

"నానెట్టిందల్లా కక్కేస్తన్నాడు బాబూ. మూడ్రోజులై దాసేను."

కృష్ణవేణమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "నా అంబలీ నిలవనేదు బాబూ. దీనికి లోకువైపోతానని సెప్పనేదు."

డాక్టర్ ఇద్దర్నీ కడిగేశాడు. తప్పు వంటది కాదు, కట్టుది. ఒంటిని బిగదీసి వెల్లకిలా పడుకోబెట్టడంతో పొట్ట కింది పేగు నొక్కుకుపోయి, తిన్నది దిగక పైకి తన్నుతోంది. మొదటి వాంతికే చెప్పి ఉంటే కట్టు సడలించేవాళ్లు, ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది. గబగబా కట్టు ముందు భాగం కోశారు. ముక్కులో గొట్టం వేసి, సెలైన్ పెట్టి, జాగ్రత్తగా ఎడమ పక్కకు తిప్పారు. రెండ్రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేమన్నారు.

వరండా బెంచీ మీద కృష్ణవేణమ్మ ఏడుస్తూ కూర్చుంది. పక్కనున్న అప్పమ్మకు ఏడుపు రాలేదు. వదిన అంబలి కూడా నిలవలేదని విన్నప్పుడు, మొగుడు అలా పడి ఉండగానే, తన మనసు ఒక్క క్షణం సంతోషపడింది. ఆ సిగ్గు ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు.

కట్టు కోసిన మూడో రోజు మల్లేశు కళ్లు తెరిచాడు. ఒకరు వచ్చి చెంచాడు నీళ్లు పట్టమని నర్సు పిలిచింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"నువ్వెల్లు వదినా," అంది అప్పమ్మ.

వదిన లోపలికి వెళుతుంటే అప్పమ్మకు కడుపు మండిపోయింది. మండుతూనే కూర్చుంది.