గంతలు కట్టాక మోగిన చిటికెలు

అది 1962 వేసవి. మా బంధువుల్లో కొందరు 61 అంటారు. తప్పు. నేను టీచరు ట్రెయినింగు ఆఖరి పరీక్షలు రాసి నరసరావుపేటలో ఇంటికి వచ్చిన ఏడది. ఆ రోజు కత్తిసాములో మా అన్న భయపడి తప్పుకున్నాడని కూడా అంటారు. అదీ తప్పే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మా పేటలో ఒక తాలింఖానా ఉండేది. పైన రేకులు, కింద మెత్తగా తవ్విన ఎర్రమట్టి, గోడకు ఆనించిన వెదురుకర్రలు. పగలు పరుపులు కుట్టుకునే ఒక ముసలాయన తెల్లవారుజామున అక్కడ కర్రసాము, కత్తిసాము నేర్పేవాడు. అందరూ ఆయనను ఉస్తాదు అనేవారు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, ఆయనది మసీదుకు వెళ్ళే కుటుంబం. అయినా చిన్నప్పటి నుంచీ మా అన్నకు ఆయనే గురువు. ఆయనకు కొడుకులు లేరు. చేతులు వణకడం మొదలయ్యాక, ఏటా వేసవిలో జనం ముందు పెట్టే ఆటలో ఆ ఏడు మా అన్న గంతలు కట్టుకుని కత్తి దించితే తాలింఖానా అతనికే అప్పగిస్తానని అందరి ముందూ చెప్పాడు. అన్న బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ రేకుల కప్పు, ఆ మట్టి తప్ప అతను ఇంకేదీ కోరుకోగా నేను చూడలేదు.

ఆ విద్య ఇలా ఉంటుంది. ఉస్తాదు మట్టిలో వెల్లకిలా పడుకుని పొట్ట మీద దోసకాయ పెట్టుకుంటాడు. శిష్యుడి కళ్ళకు నల్లగుడ్డ మడతలు వేసి కడతారు. డప్పులు ఆగిపోతాయి. పడుకున్నవాడు దోసకాయ పక్కన చిటిక వేస్తాడు. ఆ చప్పుడు విని కత్తి దించాలి. కాయ తెగాలి, చర్మం మీద గీత పడకూడదు. గంతలు కట్టాక కత్తి దించకుండా విప్పితే ఓడినట్టే. ఆ తాలింఖానా కట్టడి అది.

మా వైపు తల్లులకు ఒక నమ్మకం ఉండేది. ఆట అయ్యాక ఉస్తాదు తన కర్రతో నెత్తి తాకితే పిల్లల దడుపు పోతుందని. రొంపిచెర్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు. వరసలో తమ పిల్లలే ముందుండాలని వాళ్ళను తెచ్చి బరి చుట్టూ కట్టిన తాడు పక్కనే కూర్చోబెట్టి, తాము వెనక నీడన చేరేవారు. ఆట తెలిసినవాళ్ళు వెనక, ఆట పట్టని పసివాళ్ళు ముందు. మూడింటికి ఎండలో కూర్చోబెట్టిన పిల్లలు ఆరింటి దాకా కుదురుగా ఉంటారని ఏ తల్లి అనుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మట్టి విసురుకున్నారు. తాడు కింద దూరారు. సోడా కావాలని ఏడ్చారు. ఒకడు పక్కవాడి చెవి కొరికాడు. కర్రసాము జరుగుతున్నంతసేపూ ఇదే.

ఉస్తాదు దోసకాయ పెట్టుకుని పడుకునేసరికి, మా వీధిలో ఉండే ఒకావిడ కొడుకు ఆయన తల దగ్గర, తాడుకు ఇవతల ఉన్నాడు. ఐదేళ్ళుంటాయేమో.

"పిన్నీ, మీవాణ్ణి ఒళ్ళో పెట్టుకోండి" అన్నాను.

"లేపితే వరస పోద్దే. ఏందే, ఇంకా ఉద్యోగం రాకుండానే పంతులమ్మవైపోయినావా?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు.

డప్పులు ఆగాయి. అన్నకు గంతలు కట్టారు. రెండు చేతులతో కత్తి ఎత్తాడు. ఉస్తాదు చిటిక వేశాడు.

ఆ చిన్నవాడు కూడా వేశాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. అవతలి మూల నుంచి మరో చిటిక. ఆ తర్వాత ముందు వరసంతా మొదలుపెట్టింది. వేళ్ళు పలకనివాళ్ళు నోటితో చప్పుడు చేశారు. అప్పుడు ఆ తల్లి ఏమన్నదో నా చెవులారా విన్నాను. "అబ్బ, బుడ్డోడు ఎంత బాగా ఏశాడో సూడండి! ఇంకోసారి ఎయ్ రా!"

నేను లేచి నిలబడి అరిచాను. "ఆపండి! అక్కడ మనిషి పడుకోనుండాడు!"

వెనక నుంచి ఒక మగగొంతు, "ఆడపిల్లవి, ఆ అరుపులేంది? కూసో!" అంది. అంత జనంలో నోరు మూసుకోమని చెప్పింది నా ఒక్కదానికే.

అన్న మెడ ఇటూ అటూ తిప్పాడు. పాదం జరిపాడు. కత్తి కిందికి కదిలింది, సగంలో ఆగింది. ఊపిరి పీల్చుకుని, కత్తిని మెల్లగా మట్టి మీద పెట్టి, గంతలు విప్పేశాడు.

"భయపడ్డాడ్రోయ్!" అని ఈలలు వేశారు. "దోసకాయను సూసే దడుసుకున్నాడు! ముందు ఈడి నెత్తికి తాకించు ఉస్తాదూ!" అన్నాడొకడు. విరగబడి నవ్వారు. పిల్లలూ నవ్వారు, ఎందుకో తెలియకుండానే.

ఉస్తాదు లేచి, మట్టి దులుపుకుని, కర్ర అందుకుని అదే పిల్లలకు ఒక్కొక్కరికీ నెత్తి మీద తాకించాడు. ఆ రోజు ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది.

జనం పోయాక, "వచ్చే ఏడు మళ్ళీ కడదాం బేటా. పిల్లల్ని లోపలికి రానీయొద్దు" అన్నాడు.

"ఉస్తాద్, నేను దించబోయింది మీ చిటికకి కాదు" అన్నాడు అన్న. "మీ మెడ కాడ మోగినదానికి. నాకు తేడా తెలవలా."

ముసలాయన చెయ్యి తన మెడ మీదికి పోయింది.

దారిలో నేను ఆగలేకపోయాను. ఆ చిన్నవాడి తల్లి ఇంటికి పోయి ఆవిణ్ణి కడిగేసి వస్తానన్నాను.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "పోయి ఏం చెబుతావే? మా అన్న మనిషిని నరకబోయాడని చెబుతావా? పిరికోడనే అనుకోనీ."

అందుకని నోరు మూసుకున్నాను. అతను మళ్ళీ కత్తి పట్టలేదు. మోకాళ్ళు అరిగేదాకా బస్తాలే మోశాడు. ఇప్పుడు అతనూ లేడు, ఉస్తాదూ లేడు. అందుకే రాస్తున్నాను.

మరుసటి వేసవిలోనూ బండ్లు వచ్చాయి. కత్తి దించేవాడు లేక ఆట పెట్టలేదు. ఉస్తాదు ఒక్కడే రేకుల కింద కుర్చీలో కూర్చుని పిల్లల నెత్తి తాకి పంపించాడు. అరగంటలో అంతా అయిపోయింది. మా వీధి ఆవిడ కొడుకును చంకనేసుకుని మా గుమ్మం ముందు నుంచి పోతూ పక్కావిడతో అంది.

"ఈ ఏడే చానా నయం వదినా. పిల్లల్ని అంతసేపు ఎండలో కూసోబెట్టే పని లేకుండా పోయింది."