ఆయ్ అన్నారని వ, మ లను మార్చేశాను

మా అక్క పెళ్ళి అక్షరాలా రెండక్షరాల మీద చెడిపోబోయింది. ఆ అక్షరాల పేర్లు వ, మ. వాటిని అటుదిటు, ఇటుదటు చేసిన మహానుభావురాలిని నేనే. పెళ్ళి చెడగొట్టాలంటే మామూలు ఇళ్ళల్లో ఒక మేనత్త అలగాలి, ఒక మేనమామ బస్సు దిగకుండా వెనక్కి పోవాలి. మాకు అంత హంగు అక్కర్లేకపోయింది. కంప్యూటరు నేర్చుకున్న ఆడపిల్ల ఒకతె సరిపోయింది.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఊళ్ళోకి బ్రాడ్‌బ్యాండు వచ్చిన కొత్త. నాకు కాస్త తెలుసు. ఆ కాస్తా నేల మీద ఆనేది కాదు. ఎవరింట్లోనైనా ఫ్యాను తిరక్కపోయినా నన్నే పిలవాలన్నట్టు నడిచేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ భాండారంలో సభ్యురాలిగా చేరాను. భాండారం అంటే మరేం కాదు, పదిమందీ కలిసి నడుపుకునే లైబ్రరీ లాంటిది. పుస్తకాల బదులు ప్రోగ్రాములుంటాయి. ఒక్కోదాన్ని ప్యాకేజీ అంటారు. ప్రతి ప్యాకేజీనీ చూసుకునే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఏళ్ళ తరబడి పలక్కపోతే దానికి ‘అనాథ’ అని ముద్ర పడుతుంది. అప్పుడు ఇంకెవరైనా దాన్ని దగ్గరకు తీసుకోవచ్చు. కాకపోతే ఒక నియమం ఉంది. పాత మనిషిని ముందుగా అడగాలి, ఆయన సరే అనాలి. ఈ నియమాన్ని బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు.

అలా వెతుకుతుంటే ఒక తెలుగు కీబోర్డు ప్యాకేజీ కనబడింది. పాత టైపు మిషను పద్ధతిలో తెలుగు కొట్టుకోవడానికి చేసింది. చేసినవారు రాజుగారని ఒకరు, ఒకప్పుడు రాజోలులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి ఇప్పుడు సఖినేటిపల్లి రేవు పక్కన ఉంటున్నారట. ఫోను నంబరు కూడా ఉంది. విప్పి చూశాను. మ ఉండాల్సిన మీట మీద వ ఉంది, వ ఉండాల్సిన మీట మీద మ ఉంది! ఇంత పెద్ద తప్పు ఇన్నేళ్ళుగా ఎవరికీ కనబడలేదంటే, నా కోసమే కాచుకుని ఉందన్నమాట. వెంటనే ఫోను చేశాను.

“రాజుగారేనా అండీ? మీ కీబోర్డు ప్యాకేజీ అనాథ అయిపోయిందండీ.”

“ఆయ్.”

“పట్టించుకునేవాళ్ళు లేరండీ. నేను తీసుకుందామనుకుంటున్నానండీ.”

“ఆయ్.”

“అందులో వ, మ తారుమారుగా ఉన్నాయండీ. సరిచేసేస్తానండీ.”

“ఆయ్... అది కాదమ్మా, ఆ వ, మ ఉన్నాయి చూసేరూ...”

“చూశానండీ! థాంక్సండీ!” అని పెట్టేశాను.

నేను కోనసీమలో పుట్టిన మనిషినే. ఆయ్‌లో ఎన్ని రకాలున్నాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఔనండీ అనే ఆయ్ ఉంది, వింటున్నానండీ అనే ఆయ్ ఉంది, మీరు ముందు నోరు మూస్తే నేను మాట్లాడతానండీ అనే ఆయ్ ఉంది. అయినా ఆ పూట నాకు ఒకటే వినబడింది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఆ లెక్కన ఆయ్ పూర్ణాంగీకారమే కదా అనుకున్నాను. భాండారంవాళ్ళకు ‘పాత యజమాని ఫోనులో సంతోషంగా అంగీకరించారు’ అని రాసి, రెండక్షరాలనూ వాటి వాటి స్థానాల్లో కూర్చోబెట్టి, కొత్త వెర్షన్ వదిలేశాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను బాగున్న నాలుకకే మందు వేశాను.

సరిగ్గా ఆ వారమే మా శారదక్క శుభలేఖలు అచ్చుకు వెళ్ళాయి. మా వీధి చివర నాగమణిగారి డీటీపీ సెంటర్‌లో. నాగమణిగారు రాజోలులో టైపు నేర్చుకున్న మనిషి. ఆవిడ వేళ్ళు మీటల మీద పరుగెడుతుంటే కళ్ళు కాగితం మీదే ఉంటాయి, నోరు మాత్రం మనతో కబుర్లు చెబుతుంది. స్క్రీన్ వైపు చూడటం ఆవిడకు నామోషీ. ఆ కంప్యూటరును సిద్ధం చేసింది నేనే, కాని అందులో ఆవిడ తెలుగు కొట్టేది రాజుగారి కీబోర్డుతోనేనని నాకు తట్టలేదు. కొత్త వెర్షన్లు వాటంతటవే వచ్చి కూర్చునేలా ఏర్పాటు చేసిందీ నేనే. ఇక ప్రూఫు చూసిందెవరనుకున్నారు? అదీ నేనే. ముహూర్తం గంటలు చూశాను, గోత్రాలు చూశాను. ఆ వంపుల వంపుల అక్షరాల్లో మకు తోకుందో లేదో చూడాలన్న ఆలోచన రాలేదు.

అవి అచ్చయి వచ్చిన మర్నాడు పొద్దున్నే నాన్న శుభలేఖలకు పసుపు కుంకుమలు పెట్టించి, ఖాకీ సంచీలో సర్దుకుని బయలుదేరారు. సఖినేటిపల్లి వెళ్ళి, పంటు అనే బల్లకట్టు మీద గోదారి దాటి, నరసాపురంలో మగపెళ్ళివారికి మొదటి శుభలేఖ ఇవ్వాలి. పెళ్ళికొడుకు తండ్రి వామనమూర్తిగారు మర్యాదస్తులే గాని పేరు దగ్గర మహా పట్టింపు మనిషి. పెళ్ళిచూపుల రోజు మా బాబాయి పొరపాటున ‘వామనరావుగారూ’ అన్నాడని, ఆ మాట దిద్దుకునేదాకా కాఫీ గ్లాసు ముట్టుకోలేదు.

నాన్న వెళ్ళిన కాసేపటికి మామ్మ భూతద్దం పట్టుకుని ఒక శుభలేఖ ముందేసుకుని కూర్చుంది.

“ఏవే, మధుము అంటే ఏవిటే?” అంది.

“వధువు, మామ్మా.”

“నాకు చదువు రాదనుకుంటున్నావేంటి? మకి తోకుంటాది. ఇదిగో తోక. మధుము.”

“ఏదీ, ఇలా తే...”

“మరుడు అని కూడా ఉంది. మరుడంటే మన్మథుడు కదే. కుర్రాడు మరీ అంత బాగుంటాడా?”

భూతద్దం లాక్కున్నాను. పైన ‘మిమాహ వహోత్సమ ఆహ్మానవు’ అని ఉంది. మా ఊరు అవలాపురం అయింది. మా నాన్న వెంకటేశ్వరరావుగారు మెంకటేశ్మరరాము అయ్యారు. భోజనాల దగ్గర ‘మిందు’ అని ఉంది. ఇంకా కిందికి వెళ్ళాను, వెళ్ళకుండా ఉంటే బాగుండేది. వామనమూర్తిగారు ‘మావనవూర్తి’గారై కూర్చున్నారు.

నాన్నకు ఫోను చేద్దామంటే ఆయన సెల్లు దేవుడి గదిలో ఛార్జింగులో ఉంది. సఖినేటిపల్లిలో నాకు తెలిసిన నంబరు ఒకటే, రాజుగారిది. ఏడుపు గొంతుతోనే చేశాను.

“రాజుగారూ, మా నాన్న పంటు ఎక్కడానికి వస్తున్నారండీ. తెల్ల లాల్చీ, ఖాకీ సంచీ. పేరు వెంకటేశ్వరరావుగారండీ. ఎక్కకుండా ఆపండీ.”

“ఆయ్.”

“తప్పు జరిగిపోయిందండీ. నా వల్లేనండీ. ఆ శుభలేఖలు మగపెళ్ళివారికి ఇవ్వకూడదండీ.”

“ఆయ్...”

“ఇచ్చారంటే మా అక్క పెళ్ళి ఆగిపోతుందండీ.”

“ఆయ్.”

“మరి ఆపుతారా అండీ?”

“ఆయ్.”

ఫోను పెట్టేశాను. ఈ ఆయ్ ఏ ఆయ్? ఆపుతాననా, విన్నాననా? మళ్ళీ చేద్దామంటే మళ్ళీ ఆయ్ అనేగా అంటారు! అమ్మకు చెబితే ఇల్లెగిరిపోతుంది. అక్కకు చెప్పే ధైర్యం లేదు. పెళ్ళి కుదిరినప్పటి నుంచీ అది పనిలేకుండానే నవ్వుతోంది, ఆ నవ్వును నేను ఆర్పేయబోతున్నాను. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్‌స్టాండుకు పరుగెత్తాను.

“కొంచెం తొందరగా పోనివ్వరా అండీ, చాలా అవసరమండీ,” అన్నాను కండక్టరుతో.

“ఆయ్,” అన్నాడు. రాజోలులో దిగి టీ తాగాడు. డ్రైవరుకు కూడా తాగించాడు. మలికిపురంలో ఎవరిదో అరటిగెల ఎక్కించడానికి ఆపాడు. ఆ గెల నిలబెడితే పడిపోతుంది, పడుకోబెడితే నలిగిపోతుంది, దాని గురించి బస్సంతా సలహాలిచ్చారు. నేను మాత్రం కిటికీ ఊచ పట్టుకుని, నాన్న పంటు మెట్టు మీద కాలు పెడుతున్నట్టు, వామనమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నట్టు ఊహించుకుంటూ చచ్చిపోయాను.

రేవులో దిగేసరికి పంటు అప్పుడే ఒడ్డు వదిలి పోతోంది. జనంలో తెల్ల లాల్చీలే లాల్చీలు. ఇటు తిరిగి చూస్తే టీ కొట్టు బల్ల మీద నాన్న కూర్చుని ఉన్నారు. ఖాకీ సంచీని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన ఒక పెద్దాయన, రాజుగారే అయ్యుంటారు, తల వంచుకుని ఉన్నారు. హమ్మయ్య, ఆపారు అనుకునేలోపల మూడో మనిషి కనబడ్డారు. వియ్యంకుణ్ణి ఎదుర్కొని తీసుకెళ్దామని అంతకు ముందు పంటు మీద ఇవతలికొచ్చిన వామనమూర్తిగారు! నిటారుగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

నన్ను చూడగానే నాన్న లేచారు.

“నిజం చెప్పమ్మా. అక్క ఎక్కడుంది?”

“అక్కా? ఇంట్లోనే ఉంది. మినప్పప్పు రుబ్బుతోంది.”

“ఇంట్లోనే ఉందా? ఎక్కడికీ... ఎవరితోనూ...”

“ఎక్కడికెళ్తుంది నాన్నా, గారెలకి పప్పు నానబోస్తేనూ?”

నాన్న బల్ల మీద కూలబడ్డారు. నేను రాజుగారి వైపు చూశాను.

“మరి మీరే కదమ్మా,” అన్నారాయన ఇబ్బందిగా, “ఏడుస్తా ఫోన్ చేసేరు. తప్పు జరిగిపోయింది, శుభలేఖలు ఇవ్వకూడదు, అక్క పెళ్ళి ఆగిపోద్ది అన్నేరు. ఆడపిల్ల సంగతి, ఫోనులో గుచ్చి గుచ్చి ఏవడుగుతావండి? మీరన్నది అన్నట్టు నాన్నగారితో చెప్పేను. ఈయన ఎనకాలే ఉన్నట్టు నాకు తెలీదు.”

అంటే నాన్న ఇంతసేపూ ఆ బల్ల మీద, వియ్యంకుడి ఎదురుగా, కూతురు లేచిపోయిందనుకుంటూ కూర్చున్నారన్నమాట! నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

“అయితే తప్పేంటమ్మా?” అన్నారు వామనమూర్తిగారు. గొంతులో మెత్తదనం లేదు.

“వ, మ అండీ,” అన్నాను.

“ఏంటీ?”

“వ మ అయిందండీ. మ వ అయిందండీ. నేనే మార్చానండీ.”

ఆయన చెయ్యి చాపారు. నాన్న సంచీలోంచి శుభలేఖ తీసి ఇచ్చారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, అచ్చం నేను బస్సులో ఊహించినట్టే. పై నుంచి కిందిదాకా చదివారు. ఒక చోట ఆగారు. పెదవులు కదిలాయి.

“మా... వ... న... వూర్తి,” అన్నారు.

టీ కొట్టతను గ్లాసులు కడగడం ఆపాడు.

“అమ్మాయి పేరు చదువు,” అన్నారు నాతో.

“శారద అండీ.”

“అందులో వ ఉందా?”

“లేదండీ.”

“మ ఉందా?”

“లేదండీ.”

“మా ఇంటికొచ్చే పిల్ల పేరు సరిగ్గా ఉంది. పిల్ల ఇంట్లో పప్పు రుబ్బుతోంది. ఇంకేం కావాలి నాకు? ఇందాకట్నుంచీ ఈ రేవులో నిలబడి నేనెన్ని అనుకున్నానో ఆ గోదారికి తెలుసు.” కళ్ళజోడు తీసి నాన్న వైపు తిరిగారు. “కానీ బావగారూ, ఒక్క సందేహం. విందంటే ఏం పెడతారో నాకు తెలుసు. ఈ మిందులో ఏం పెడతారో చెబితే, దాన్ని బట్టి మావాళ్ళని తీసుకొస్తాను.”

నాన్న మొదట నవ్వారో, మొదట ఏడ్చారో ఇప్పటికీ మా ఇంట్లో తగువే. రెండూ మాత్రం చేశారు. చేసి, నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేశారు.

టీలు తాగుతుండగా రాజుగారు అసలు సంగతి చెప్పారు. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మిషను ఒకటే ఉండేదట. రిపేరుకు పంపితే ఆ మెకానిక్కు వ, మ లను తారుమారుగా అతికించి తెచ్చాడట. మళ్ళీ పంపే ఓపిక లేక పిల్లలకు అలాగే నేర్పేశారు. ఈ చుట్టుపక్కల తెలుగు టైపు వచ్చిన వేళ్ళన్నీ ఆ మిషను మీద నేర్చుకున్నవే. అందుకే కంప్యూటర్లు వచ్చాక ఆ వేళ్ళకు సరిపోయేలా కీబోర్డు చేశారు.

“మరి ఇన్నేళ్ళుగా దాన్ని పట్టించుకోలేదేంటండీ?” అన్నాను.

“బాగానే ఉంది కదమ్మా. బాగున్నదాన్ని ఏం పట్టించుకుంటావండి?”

“నేను తీసుకుంటానంటే ఆయ్ అన్నారు కదండీ?”

“ఆయ్, అన్నాను. వింటన్నానని చెప్పాలి కదా. మీరు ఆపితే వద్దని చెబుదావని చూసేను. మీరు ఆపలేదు.”

ఆ సాయంత్రమే వ, మ లను పాత తప్పులోకి తిప్పి పంపించి, ప్యాకేజీని రాజుగారికి అప్పగించేశాను. శుభలేఖలు మళ్ళీ అచ్చయ్యాయి, పెళ్ళి జరిగింది. మొదటి విడత శుభలేఖ ఒకటి వామనమూర్తిగారు అద్దం కట్టించి హాల్లో పెట్టుకున్నారు. మా అక్క కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టగానే చూసింది దాన్నే, నవ్వాపుకోలేక నోరు తెరిచి, నెత్తిన చల్లుతున్న అక్షింతలు మింగింది.

కాబట్టి పాఠకులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ప్యాకేజీ అయినా సరే, నా కళ్ళ ముందే దిక్కులేక ఏడుస్తున్నా సరే, దాని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, నేను నోరు మూసుకుని, ఆయన ‘తీసుకో’ అని నోరారా అనేదాకా దాని మీద చెయ్యి వెయ్యను. ఈ ప్రమాణం టైపు చేసింది కాదు, చేత్తో రాశాను. నాకు నాగమణిగారి మీద నమ్మకమే గాని, నా మీద లేదు.