పెద్దాయన తాగిన చారు

మా కొండ ఊరు ఆక్-కీయాలో పక్కింటి శర్షెన్ అందరినీ నువ్వు అంటాడు. ఊరి పెద్దని నువ్వు అంటాడు, పశువుల డాక్టరుని నువ్వు అంటాడు. తనకంటే పదేళ్ళు పెద్దదాన్ని, ముప్పై ఏళ్ళు ఈ ఊరి లైబ్రరీ నడిపినదాన్ని, నన్నూ నువ్వు అంటాడు. ఊరు మొత్తం మీద అతనితో మీరు అనిపించుకున్నది ఒక్కటే. అది అతని ట్రాక్టరు.

మా రెండిళ్ళకీ మధ్య కర్రల దడి తప్ప అడ్డం లేదు. అందుకని చలికాలమంతా పొద్దున్నే అటునుంచి నాకు వినపడేది ఈ మాటలే.

"లేవండి పెద్దాయనా, తెల్లారింది. చలిగానే ఉంది, నేనొప్పుకుంటాను. మీకొక్కరికేనా చలి? నా వేళ్ళు చూడండి, ముల్లంగి దుంపల్లా ఉన్నాయి."

వెనకాల వంటపాకలోంచి అతని భార్య జూరా గొంతు వస్తుంది.

"ఇరవై ఏడేళ్ళలో నన్నొక్కసారి లేవండి అన్నావా?"

"నువ్వు నాకంటే ముందే లేస్తావు. ఎప్పుడనమంటావు?"

శర్షెన్‌కి పద్దెనిమిదేళ్ళప్పుడు సమష్టి వ్యవసాయ క్షేత్రంవాళ్ళు ఆ ట్రాక్టరుని అతనికి అంటగట్టారు. అప్పటికే అది పాతది, తెలివైనవాళ్ళెవరూ దాని జోలికి పోలేదు. పొట్టివాడు కావడంతో కాలు పెడలుకి అందాలంటే సీటు అంచున కూర్చోవాలి. అలా అంచున కూర్చునే ముప్పై ఏళ్ళు దున్నాడు, గడ్డి తోలాడు. క్షేత్రం రద్దయి ఆస్తులు పంచుకున్నప్పుడు ఒకరు ఆవుల్ని తోలుకుపోయారు, ఒకరు కొట్టాం పైకప్పు రేకులు విప్పుకుపోయారు. శర్షెన్ మాత్రం ఎవరూ అడగని ఆ ట్రాక్టరుని ముందు నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. నిజానికి వెనకనుంచి నెట్టుకుంటూ వచ్చాడు. ఆ రోజు కూడా అది స్టార్టు కాలేదు.

మా దగ్గర జనవరిలో సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి పోవడం మామూలు. పెద్దాయన రేడియేటరులో రాత్రి నీళ్ళు వదిలేస్తే తెల్లారేసరికి మంచుగడ్డయి ఇంజను పగిలిపోతుంది. అందుకని రోజూ సాయంత్రం కింద కుళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలెయ్యాలి. పొద్దున మళ్ళీ నింపాలి. ముందు పిడకలు కాల్చి, ఆ నిప్పుల్ని రేకు పళ్ళెంలో పోసి ట్రాక్టరు పొట్ట కింద పెట్టాలి. గట్టిపడిన నూనె అప్పటికి కాస్త కరుగుతుంది. తరవాత కాగిన నీళ్ళు పైనుంచి పోయాలి. కింద కుళాయి తెరిచే ఉంచాలి. మొదట పోసినవి చల్లగా దిగిపోతాయి, పోగా పోగా గోరువెచ్చగా దిగుతాయి. అప్పుడు కుళాయి కట్టేసి నింపాలి. ఆ తరవాత తాడు. తాడు లాగితే పక్కనే బిగించిన చిన్న ఇంజను లేస్తుంది, చిన్న ఇంజను పెద్దదాన్ని లేపుతుంది. శర్షెన్‌ని లేపేది మాత్రం జూరాయే.

ఇంత సేవ చేసీ అతనికి తృప్తి లేదు. రాత్రుళ్ళు పెద్దాయనకి చలేస్తుందని బెంగ. మొదట తన గొర్రెతోలు కోటు కప్పాడు. తరవాత గుర్రం మీది కంబళి. తరవాత నా దగ్గరికొచ్చి పాత వార్తాపత్రికలు అడిగి తీసుకుపోయి, ముందున్న జల్లెడ కంతల్లో ఉండలు చుట్టి కుక్కాడు. కుక్కే ముందు ఒక్కొక్కటీ విప్పి చదివేవాడు.

"అక్కా, ఈసారి గోధుమ పంట బ్రహ్మాండం అని రాశారిందులో."

"అది నువ్వు పుట్టకముందు కాగితం."

"అందుకే ఇంత వెచ్చగా ఉంది."

అంతటితో ఆగితే బాగుండేది. అతని కళ్ళు జూరా బొంతల మీద పడ్డాయి. మా ఇళ్ళల్లో పెట్టె మీద పేర్చిన బొంతల దొంతరే ఆ ఇంటి ఇల్లాలి పరువు. జూరాకి పంతొమ్మిదున్నాయి. అన్నిటికన్నా పైన ఎర్ర మఖమలుది, వాళ్ళమ్మ కుట్టింది, ఇంతవరకూ ఎవరూ కప్పుకోనిది. శర్షెన్ రోజూ పొద్దుపోయాక దొంతర కిందనుంచి ఒకటి లాగేవాడు. జూరా రోజూ తెల్లవారి లెక్కపెట్టేది. నాకు గడియారంతో పనే ఉండేది కాదు. "పద్దెనిమిదేనేం?" అని కేక వినపడిందంటే ఏడున్నర.

ఆ శీతాకాలం వాళ్ళ కూతురు బురుల్ అత్తగారి ఊళ్ళో ఉంది. శరత్కాలంలో పెళ్ళయింది, కింద లోయలో. వియ్యంకుడు ఎసెన్‌కుల్ తేనెటీగల పెంపకందారు. ప్రతిదానికీ జేబులోంచి గడియారం తీసి చూసే మనిషి. పెళ్ళినాడు మా ఊరివాళ్ళు వెళ్ళేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. "మీ కొండమీదివాళ్ళు మంచివాళ్ళే బావగారూ, టైము ఒక్కటే ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు" అన్నాడాయన. అందరూ నవ్వారు. బురుల్ నవ్వలేదు. ఆ మాట ఆ ఇంట్లో దీపం పెట్టిన ప్రతిసారీ ఆమెకి వినపడుతుందని మాకు తెలుసు.

అలాంటి వియ్యంకుడు మొదటిసారి మా ఊరొస్తానని కబురు పంపాడు. ఆదివారం. భార్యా, బురుల్, ఆయనా. వాళ్ళ కారు వంతెన దాకానే రాగలదు. అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లు మంచు. ఆ మంచులో ఎక్కగలిగింది శర్షెన్ ట్రాక్టరొక్కటే, మనుషులు కూర్చునేది దాని వెనక తొట్టిలో.

"పదింటికి వంతెన దగ్గరుంటాను" అని శర్షెన్ తిరుగు కబురు పంపాడు.

"పదింటికి లేకపోతే వెనక్కి తిరిగిపోతాం" అని ఇంకో కబురొచ్చింది.

జూరా మూడు రోజులు గోడలు కడిగింది. శనివారం గొర్రెని కోశారు. ఆదివారం చీకటితోనే పెద్ద బానలో మాంసం ఎక్కించింది. జూరా ఎముకల చారు అంటే మా వైపు పేరు. పక్కూరివాళ్ళు కూడా జలుబు చేసిందని అబద్ధం చెప్పి తాగడానికొస్తారు.

ఆ రోజు సున్నాకి ముప్పై ఎనిమిది కింద. నేను పత్రికల కట్ట పట్టుకుని వెళ్ళేసరికి శర్షెన్ ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. జూరా చిన్న బానలో కాగిన నీళ్ళు బకెట్లతో మోస్తోంది. మొదటి బాన నీళ్ళూ పోశారు, కింద మంచులా దిగిపోయాయి. రెండోసారి కాచి పోశారు.

"వెచ్చబడ్డాయి! వెచ్చబడ్డాయి!" కిందనుంచి కేక. "పోసెయ్యి, మొత్తం పోసెయ్యి!"

జూరా అంతా పోసేసింది. అప్పుడు తెలిసింది, కుళాయి పిడి బిగుసుకుపోయి తిరగడం లేదని. శర్షెన్ రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. పళ్ళతో కూడా ప్రయత్నించాడని నా అనుమానం, పెదవి చిట్లింది. మండే గుడ్డ పెట్టి కాచగా కాచగా కుళాయి తిరిగింది. అప్పటికి ఉన్న నీళ్ళన్నీ మంచు మీద పడి ఆవిర్లు కక్కుతున్నాయి.

ఎనిమిదిన్నర. మళ్ళీ వాగు దగ్గర మంచు పగలగొట్టి, గడ్డలు తెచ్చి, కరిగించి, కాచాలంటే గంట. ఈలోగా పెద్దాయన మళ్ళీ చల్లబడిపోతాడు. టీ నీళ్ళు కాచే సమోవారులో ఉన్నవి చెంబెడు నీళ్ళు. రేడియేటరుకి పట్టేవి రెండు బకెట్లు.

వంటపాకలో పెద్ద బాన మూత సన్నగా ఎగిరెగిరి పడుతోంది.

శర్షెన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"అటు చూడకు" అంది జూరా.

"నేనెక్కడ చూశాను?"

"చూశావు. నీ కళ్ళు నాకు తెలీవా?"

"అక్కా, నువ్వు చెప్పు. నేను చూశానా?"

నేను పత్రికల కట్ట వైపు చూశాను. శర్షెన్ నేల మీదికి చూస్తూ నిలబడ్డాడు. అతను అలా తలవంచుకుని నిలబడగా చూడటం నాకదే మొదలు. ట్రాక్టరుని నెట్టుకొచ్చిన రోజు కూడా తలెత్తుకునే ఉన్నాడు.

"వెనక్కి పోతారు, జూరా," అన్నాడు. "మనకేం పోదు. ఆ ఇంట్లో ఉండాల్సింది మన బురుల్."

జూరా తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది. లోపలికెళ్ళి, మాంసం మొత్తం పళ్ళాల్లోకి తీసేసింది. పెరుగు వడకట్టే గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకో అక్కా. ఎముక ముక్క పడిందంటే గొట్టాలు పూడుకుపోతాయి. పైన కొవ్వు గరిటెతో తీసెయ్యి."

"ఉప్పు వేశావా?" శర్షెన్ అడిగాడు.

"వెయ్యకుండా ఎలా ఉంటాను?"

"ఉప్పుకి లోపల తుప్పు పడుతుందేమో..."

"ఇప్పుడు నీ పెద్దాయన రుచి కూడా చూసి చెప్తాడా?"

ఉల్లిపాయా, మిరియాలూ వేసి నాలుగు గంటలు కాచిన చారు. నేను గుడ్డ పరిచిన గరాటు పట్టుకున్నాను, జూరా పోసింది. మొదటి బకెట్టు చివరి చుక్కదాకా వంచింది. రెండోది పోస్తూ, "తాగండి, తాగండి. మీరే మా వియ్యంకులు" అంది ట్రాక్టరుతో. ఆమె కూడా దాన్ని మీరు అనడం అదే మొదటిసారి.

మూత బిగించారు. శర్షెన్ తాడు చుట్టి లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ లాగాడు. తాడు జారి వెల్లకిలా పడ్డాడు. మూడోసారి చిన్న ఇంజను దగ్గింది. నాలుగోసారి అందుకుంది, చెవులు చిల్లులు పడేలా. పెద్దది ఒకసారి మూలిగింది, తెల్లటి పొగ వదిలింది, ఇంకోసారి మూలిగింది, ఇక ఆగలేదు.

జూరా లోపలికి పరిగెత్తింది. బొంతలు చంకల కింద పెట్టుకుని నాలుగు విడతలుగా తెచ్చి తొట్టిలో గడ్డి మీద విసిరింది. నేను లెక్కపెట్టాను, పద్దెనిమిది. ఎర్రది ఇంట్లోనే ఉంది.

"తొమ్మిదయింది! ఇంకా ఏం చూస్తున్నావు?"

అతను వెళ్ళిపోయాక ఆమె ఖాళీ బాన ముందు పీట వేసుకుని కూర్చుంది. గంటసేపు ట్రాక్టరు చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని చెవులొగ్గి కూర్చున్నాం.

వంతెన దగ్గర జరిగింది తరవాత వియ్యపురాలు చెప్పింది. పదిన్నరకి కూడా ఎవరూ రాలేదు. ఎసెన్‌కుల్ గడియారం మూత చప్పుడయ్యేలా మూసి, కారు వెనక్కి తిప్పబోయాడు. కొత్తకోడలు మామగారితో నేరుగా మాట్లాడకూడదు, అది మా ఆచారం. బురుల్ మాట్లాడలేదు. కారు దిగి, వెనకనుంచి తన పెట్టె దింపుకుని, కారు ముందు మంచులో వేసుకుని దాని మీద కూర్చుంది. మామగారు హారను కొట్టాడు. ఆమె తలగుడ్డ సర్దుకుంది. హారను మళ్ళీ మోగింది. ఆమె చేతితొడుగులు తీసి, మళ్ళీ తొడుక్కుంది.

"బాటరీ అయిపోయేదాకా కొట్టుకోండి, అది లేవదు" అంది వియ్యపురాలు మొగుడితో.

అప్పుడు మలుపులో మంచు మేటలు చీల్చుకుంటూ ట్రాక్టరు కనిపించింది, నెత్తిమీద ఆవిరి కక్కుతూ.

మధ్యాహ్నానికి వచ్చారు. ఎసెన్‌కుల్ బొంతల మధ్యనుంచి ముక్కు ఒక్కటి బయటపెట్టి దిగాడు. దిగగానే ట్రాక్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. పెద్దమనిషి కదా, ఏమీ అడగలేదు.

భోజనాలయ్యాయి. మాంసం అయ్యాక గిన్నెల్లో చారు రావడం మా దగ్గర ఆనవాయితీ. చారు రాలేదు, టీ వచ్చింది. శర్షెన్ చాప అల్లికలో పోగులు లెక్కపెడుతున్నాడు.

"చెల్లెమ్మా," అన్నాడు ఎసెన్‌కుల్, "నీ చేతి చారు గురించి మీ అమ్మాయి కథలు కథలుగా చెప్పిందని మా ఆవిడ చెప్పింది."

"చేశాను అన్నయ్యగారూ," అంది జూరా. "మీకంటే ముందు ఇంకొకరికి వడ్డించాల్సొచ్చింది."

"ఎవరికి?"

శర్షెన్‌కి అబద్ధం రాదు. "నువ్వు ఎక్కొచ్చావే బావా, ఆయనకి" అన్నాడు.

ఎసెన్‌కుల్ గిన్నె కింద పెట్టాడు. ఎర్ర బొంత మీద కూర్చున్న ఆ మనిషి భుజాలు ముందు కదిలాయి, తరవాత గడ్డం, తరవాత పొట్ట.

"ఆరు కిలోమీటర్లు!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఆరు కిలోమీటర్లూ ఉల్లిపాయ వాసన నా మొహాన కొట్టింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎవరి ఇల్లో, ఎక్కడ వండుతున్నారో అని అటూ ఇటూ చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. నాకేదో పైనుంచి పిలుపొచ్చిందనుకున్నాను. కోడలిని అడుగుదామంటే అది నాతో మాట్లాడదాయె!"

బురుల్ టీ పోస్తూ ఆ మూల నవ్వింది. చప్పుడు రాకుండా.

సాయంత్రం శర్షెన్ మామూలుగా కుళాయి తిప్పాడు. ఊళ్ళో ఉన్న కుక్కలన్నీ వచ్చాయి. పై వీధివీ, కింది వీధివీ, రోజూ కరుచుకునేవి కూడా పక్కపక్కన నిలబడి మంచు నాకాయి. ఎసెన్‌కుల్ వాకిట్లో నిలబడి, గడియారం ఊసెత్తకుండా, చీకటి పడేదాకా చూశాడు.

ఎన్ని బానల వేణ్ణీళ్ళతో కడిగినా ఆ వాసన పోలేదు. వసంతం వచ్చేదాకా పెద్దాయన ఎటు వెళ్తే అటు వెనకాల పది కుక్కలు వెళ్ళేవి. ఊళ్ళోవాళ్ళు ఆకలేసిన వేళకి శర్షెన్‌ని గడ్డి తోలమని అడగడం మానేశారు.

మరుసటేడు మంచు పడకముందే లోయనుంచి ఒక డబ్బా వచ్చింది. ఎంత చలికీ గడ్డకట్టని నీలం నీళ్ళు, మా ఊరి అంగట్లో దొరకనివి. డబ్బాకి కట్టిన చీటీ నాకు చదివి వినిపించాడు శర్షెన్. ఒక్కటే వాక్యం: "ఇది పెద్దాయనకి, చారు నాకు."

శర్షెన్ ఆ చీటీని రెండుసార్లు చదివి డబ్బాని ఊపి చూశాడు. రేడియేటరు కారుతుంది కాబట్టి అంత మంచి సరుకు అందులో పోయడానికి అతనికి మనసొప్పలేదు. జూరా దాన్ని తుడిచి బొంతల దొంతర మీద, ఎర్రదానికి కూడా పైన పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది.

నిన్న పొద్దున్న మళ్ళీ ముప్పైకి దిగింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

"లేవండి," అన్నాడు శర్షెన్.

"లేస్తాడులే, నిప్పులు తెస్తున్నాను" అంది జూరా పక్క మీదనుంచి. గొంతు బొంగురుగా ఉంది, రెండు రోజులుగా జలుబు.

"పెద్దాయన్ని కాదు. మిమ్మల్నే."

"ఏం కావాలి నీకు?" అంది జూరా. "చారా, బొంతా?"