అమ్మకానికి లేని లంగా

జనగామలోని ఒక చిన్న మ్యూజియంలో, సందర్శకులు బయటికి వెళ్ళే దారిలో ఒక అమ్మకాల గది ఉంది. తొమ్మిదేళ్ళుగా నేను పనిచేస్తున్నది అక్కడే. పెంబర్తి ఇత్తడి దీపాలు, అద్దాలు కుట్టిన పర్సులు, తాళంచెవుల గొలుసులు, బొమ్మల కార్డులు అమ్ముతాను. వచ్చినవాళ్ళు అన్నీ పట్టుకుని చూసి, ఎక్కడివక్కడ పెట్టకుండా వెళ్ళిపోతారు. వాటిని సర్దడంతోనే నడుము పడిపోతుంది. మా ఆయనకు చెల్పూర్ కరెంటు ప్లాంటులో షిఫ్టుల పని. వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆ రోజు ఇద్దరం పెద్దగా మాట్లాడుకోకుండానే నిద్రపోతాం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నెల్లికుదురు దగ్గరి తండా నుంచి ఒక పెద్దామె, ఆమె కూతురు వచ్చారు. దవాఖానలో చూపించుకుని, బస్సుకు ఇంకా టైముందని కాసేపు నీడకోసం లోపలికి వచ్చారట. పెద్దామె నా బల్ల మీది వస్తువుల వంక చూడనేలేదు.

"బిడ్డా, లోపల అద్దాల పెట్టెల ఉన్న లంగ ఎంతకిస్తరు?" అని అడిగింది.

అక్కడివి అమ్మరని, ఇక్కడున్నవే అమ్ముతామని చెప్పాను.

"ఆ లంగ మా యాడిది," అంది. యాడి అంటే తల్లి అని కూతురు చెప్పింది.

ఎట్లా గుర్తుపట్టావని అడిగాను. అంచు దగ్గర నీలం దారం అయిపోతే తల్లి జానెడు మేర పసుపు దారంతో కుట్టిందట. ఆ పసుపు కుట్టు నేనూ ఎన్నోసార్లు చూశాను, ఎవరో తర్వాత బాగు చేశారనుకున్నాను. మరి ఇక్కడికి ఎట్లా వచ్చిందని అడిగాను.

"నేనే ఇచ్చిన. పాత బట్టలకు స్టీలు గిన్నెలిస్తమని ఒకాయన తండకొచ్చిండు. యాడి అప్పుడు మంచంల ఉండె. అడగకుండనే ఇచ్చిన."

తల్లి ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదట. లంగా ఏదని మాత్రం రెండుసార్లు అడిగిందట.

పెద్దామె దాన్ని ఒక్కసారి ముట్టుకుంటానంది. నేను మేడ మీదికి వెళ్ళి ఆఫీసరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. పెట్టె తెరవాలంటే పైనుంచి అనుమతి రావాలన్నాడు. అది వాళ్ళదేనని రుజువేమిటన్నాడు. దిగి వచ్చి ఆ మాటే చెప్పాను. ఆమె వాదించలేదు. వాళ్ళతో పాటు పెట్టె దగ్గరికి వెళ్ళాను. కింద ఏం రాసి ఉందో చదవమంది. లంబాడా స్త్రీ లంగా, మహబూబాబాద్ ప్రాంతం అని చదివాను.

"పేరు లేదా?"

లేదన్నాను.

ఆ లంగా బొమ్మతో మా దగ్గర ఒక కార్డు ఉంది. అది తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కూతురు చెబుతుంటే వెనక వైపు ఆ తల్లి పేరు పెన్నుతో రాశాను. పెద్దామె దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, కొంగులో ముడేసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

వాళ్ళకు చెప్పినట్టే, లంగా కింది చీటీ మీద పేరు చేర్చమని మరునాడే ఆఫీసరుకు కాగితం రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. ఆఫీసరు మారాడు. కొత్తాయనకు మొదటినుంచి చెప్పి, ఇంకో కాగితం ఇచ్చాను. ఆయన అంతా విని, నీ బల్ల సంగతి నువ్వు చూసుకో అన్నాడు. కొన్నాళ్ళకు పాత చీటీలన్నీ తీసి కొత్తవి పెట్టారు. అక్షరాలు పెద్దవయ్యాయి, మాటలు మాత్రం అవే. ఇక నాకెందుకులే అనుకున్నాను. నిజానికి ఆ కోరిక మోయడానికి కూడా నాలో ఓపిక మిగల్లేదు.

మొన్న ఆ పెద్దామె కూతురు, ఆ రోజు నా దగ్గర తీసుకున్న నంబరుకు ఫోన్ చేసింది. పేరు రాసిండ్రా అక్కా అని అడిగింది. ఇంకా లేదని చెప్పడానికి సిగ్గేసింది.

"అమ్మ అడుగుతనే ఉంటది. రాస్తరని చెప్తున్న," అంది.

"అట్లనే చెప్పు. నేను మళ్ళ కాగితం ఇస్త," అన్నాను.

గది మూసే వేళ దాకా ఆగి, మూడో కాగితం రాశాను.