ఏడో పొర దగ్గర దగ్గు

షాహజాది తిట్టని మనిషి తాండూరులో మనిషే కాదు. ఆ రోజుల్లో తాండూరు, వికారాబాదు పెళ్లిళ్లకు వెళ్లిన ఏ ఆడదాన్ని అడిగినా ఈ మాటే చెబుతుంది. షాహజాది, ఆమె వెంట ఢోలక్ వాళ్లిద్దరూ వచ్చి చాప మీద కూర్చోగానే మగపెళ్లివారు తమ పేర్లు చీటీల మీద రాసి లోపలికి పంపేవారు. పాటలో పేరు పెట్టి తిట్టించుకోవడం ఆ పెళ్లిళ్లలో మర్యాద. పేరు రాలేదంటే పిలుపు అందనట్టే లెక్క. తన పేరు మరిచారని అలిగి, విస్తరి ముందు నుంచి లేచిపోయిన వియ్యపురాలిని నేను కళ్లారా చూశాను.

నేను ఆమె పాట మొదట విన్నది 1972లో, వికారాబాదులో మా పక్కింటి గులాం నబీ గారి కూతురి పెళ్లిలో. అప్పుడే కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాను. మెడ నిటారుగా పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. ఆమె పాట మధ్యలో ఆపి నా పేరు అడిగింది. అరుణాదేవి అని చెప్పానో లేదో, "ఓ అరుణాదేవమ్మా, బెత్తం పట్టిన చేతికి గాజులెందుకమ్మా" అని అందుకుంది. పందిరంతా ఘొల్లుమంది. సిగ్గుతో చచ్చాను, ఆ వెంటనే ఆమెకు బానిసనయ్యాను. ఆ తర్వాత పదమూడేళ్లు, తాండూరులో ఆమె పాట ఉందంటే చాలు, సెలవు పెట్టి రైలెక్కేదాన్ని. ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని.

అలీమాబీ ఢోలక్ వాయించేది. రహీమాబీ పక్కన కూర్చుని ఢోలక్ కట్టె మీద టకటకా కొట్టేది. వేరే ఊళ్లలో ఆ పని చెంచాతో చేస్తారు. ఈమె అరచేతిలో పట్టేంత తాండూరు రాయి ముక్కతో చేసేది, ఆ దెబ్బ చెవిలో కాదు, పళ్లలో వినిపించేది. పాట మూడు నిమిషాలు దాటేది కాదు. "పాట పొడుగైతే తిట్టు సల్లారుతది" అని షాహజాదే అనేది. ఆ మాటే తర్వాత ఆమెకు చుట్టుకుంది.

పగలు ఆమె రాళ్ల పాలిషు పనికి పోయేది. మిషను కింద రాయి తిరుగుతుంటే నీళ్లు పోస్తూ నిలబడటం ఆమె పని. భర్త అజమత్ గనిలో రాయిని పొరలు పొరలుగా విడదీసేవాడు. మనిషి నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఆమె పాటకు పోయిన రోజు పిల్లలకు వండి పెట్టేది ఆయనే. చుట్టాల్లో పెద్దమనిషి ఒకాయన, ఆడదాని గొంతు గల్లీ దాటకూడదని ఇంటికొచ్చి మరీ చెప్పాడట. "అయితే గల్లీనే జర పెద్దగ చెయ్యుండ్రి" అని చాయ్ ఇచ్చి పంపించింది.

1982లో తాండూరు స్టేషను దగ్గర టేపుల దుకాణం రాజేందర్ ఆమె తిట్ల పాటలు క్యాసెట్‌లోకి ఎక్కించాడు. అది ఎట్లా పాకిందో చెప్పలేను. తాండూరు పక్క కరణ్‌కోటలో శంకరప్ప చాయ్ హోటల్లో పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అదే. అందులో కందుల వ్యాపారి రాధాకిషన్ సేటు మీద ఒక తిట్టుంది. "సేటు పప్పు జల్లెడ పడితే రాళ్లు మనకు, పప్పు ఆయనకు" అని. సేటు కోపగించుకోలేదు సరికదా, కొత్తవాళ్లు ఎవరొచ్చినా "గా పాటల రాధాకిషన్‌ను నేనే" అని చెప్పుకునేవాడు.

రెండో క్యాసెట్ 1985 ఎండాకాలంలో వచ్చింది. దాని కోసం మేమంతా ఎదురు చూశాం. నేను ఆ ఆదివారమే తాండూరు పోయి కొని తెచ్చి, ఇంటికొచ్చాక కాళ్లు కూడా కడుక్కోకుండా టేపు రికార్డరులో పెట్టాను.

ఒకటే పాట. అరగంట. మొదటి పొర తీస్తే మట్టి, రెండో పొర తీస్తే చెమట అంటూ రాయి పొరల మీద నడిచే పాట. ఒక్కో పొరకు ఒక ఇంటి సంగతి. ఒక పొరలో పొయ్యి, ఒక పొరలో కాన్పు, ఒక పొరలో తెల్లారకముందే పనికి పోయే మనుషులు. తిట్టు లేదు, నవ్వు లేదు, ఒక్కరి పేరు లేదు. ఏడో పొర దగ్గర ఢోలక్ ఆగిపోతుంది. రాయి మీద రాయి దెబ్బ ఒక్కటే చాలాసేపు వినిపిస్తుంది, ఆ మధ్యలో ఎవరో మగమనిషి గట్టిగా దగ్గుతాడు. తర్వాత మళ్లీ పాట. రెండో వైపు తిప్పితే ఏముంది? మళ్లీ అదే పాట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేనొక్కదాన్నే కాదు. వారం తిరగకుండా రాజేందర్ బల్ల మీద తిరిగొచ్చిన క్యాసెట్లు గుట్ట పడ్డాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు, క్యాసెట్ ఖరాబయింది, మధ్యలో ఎవడో దగ్గుతున్నాడు అని. వాడు మార్చి ఇచ్చిన దాంట్లోనూ అదే దగ్గు. "నా పేరు లేని పాట నాకెందుకు?" అన్నాడు రాధాకిషన్ సేటు. శంకరప్పది ఇంకో ఏడుపు. గనుల వాళ్లు, ఫ్యాక్టరీ వాళ్లు ఆ పాట పెట్టమని పట్టుబట్టి, అరగంట సేపు కదలకుండా కూర్చునేవారట. "ఒక్క చాయ్ తాగుతరు, అది గూడ సల్లారినంక తాగుతరు. గీమె నా హోటల్ ముంచింది" అని మొత్తుకునేవాడు. విసిగి క్యాసెట్ దాచేస్తే ఆ మనుషులు ఎదురు హోటల్‌కు పోయారు. రెండో రోజే తీసి పెట్టాడు.

రాజేందర్ ఆమె ఇంటికి పోయిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, మొహమ్మీదే నాలుగు కడిగేద్దామని. వాడు చెప్పిన మాట సూటిగా ఉంది. దగ్గు తీసేసి మళ్లీ పాడాలి, మధ్యలో పేర్లతో నాలుగు తిట్లు కలపాలి, లేకపోతే ఇక ఆమె క్యాసెట్ తన దుకాణంలో ఉండదు.

"రికార్డింగ్ నాడు మీ ఆయన పక్కన కూసున్నడు, దగ్గు ఆపుకోలేకపాయె. తప్పేం లేదు. మల్ల ఒకసారి పాడితే అయిపాయె గద" అన్నాడు.

"దుకాణం నీది, పాట నాది" అంది షాహజాది. "దుకాణంల పెట్టకుంటే పెట్టకు. పాటల మాత్రం చెయ్యి పెట్టకు."

"ఆపా, మా పేర్లేవి?" అన్నాను నేను. గొంతులో కోపం దాచుకోలేదు. "మూడు నిమిషాలు దాటొద్దని నువ్వే అన్నవు గదా!"

"పదమూడేండ్లు మీ పేర్లే పాడిన. గీ ఒక్క అరగంట నాకియ్యరాదా?"

ఇవ్వలేదు. అలిగి వచ్చేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నేను టీచరును కదా, ఎక్కడ తప్పు కనబడినా దిద్దకపోతే చెయ్యి దురద. క్యాసెట్ మీద ఇంకేదీ ఎక్కకుండా వెనక చిన్న రెక్క విరిచేసి అమ్ముతారు. ఆ కంత మీద కాగితం అంటిస్తే మళ్లీ ఎక్కించొచ్చు. నేను అంటించాను. ఏడో పొర దగ్గర దగ్గు మొదలయ్యే చోటు చూసి రికార్డు మీట నొక్కాను, దగ్గు అయిపోయే దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దగ్గు పోయింది. పాట శుభ్రపడిందని సంబరపడ్డాను.

వానాకాలం వచ్చేసరికి అజమత్‌ను వికారాబాదు పక్కన అనంతగిరి గుట్ట మీది దవాఖానలో చేర్చారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందట. అలక అలకే, మనిషి మనిషే. వికారాబాదులో ఉన్నది నేనే కాబట్టి ఆదివారం ఆదివారం అన్నం పట్టుకుని గుట్టెక్కేదాన్ని. క్యాసెట్ ఎట్లా ఉందని ఒకరోజు అడిగితే, "మంచిగనే ఉంది. జర పొడుగుంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే ఆయనకు దగ్గొచ్చింది. నేను ఊరుకోక, నా క్యాసెట్‌లో ఆ దగ్గును ఎట్లా తుడిచేశానో గొప్పగా చెప్పాను.

ఆయన దుప్పటి కొసతో నోరు తుడుచుకున్నాడు. "మంచి పని చేసినవ్ టీచరమ్మా. గట్లనే నా లోపలిది గూడ తుడిసేటోళ్లు దొరికితే బాగుండు" అన్నాడు. అది కూడా నవ్వులాటే అనుకున్నాను. నా బుద్ధికి బెత్తం దెబ్బలు ఎవరు కొట్టాలి?

డిసెంబరులో అజమత్ పోయాడు. మొగుడు పోయిన ఆడది పాటించాల్సిన నాలుగు నెలల పది రోజులూ షాహజాది గడప దాటలేదు. ఈ లోపల రాజేందర్ అన్నంత పనీ చేశాడు. దుకాణంలో పాత తిట్ల క్యాసెట్ ఒక్కటే మిగిలింది. ఆమె మళ్లీ పెళ్లిళ్లకు వస్తుందా, వచ్చినా పిలిచేవాళ్లుంటారా అని అందరూ అనుకుంటుండగా, మే నెలలో రాధాకిషన్ సేటు కూతురి పెళ్లి వచ్చింది. సేటు ఇంటి ఆడవాళ్లకూ పెళ్లిలో తిట్ల పాటలు ఆచారమే. పిలిచాడు, కానీ షరతు పెట్టాడు. తిట్లే పాడాలి, ఆ పొరల పాట ఎత్తకూడదు.

"సరే సేట్, మీ ఇంట్ల గాలీలే పాడుతా" అందట. ఉర్దూలో గాలీ అంటే తిట్టు.

ఆ మాట విని నాకు మనసు చివుక్కుమంది. నాకు నచ్చని పాటే. అయినా ఆమె లొంగిపోయిందంటే నమ్మలేకపోయాను. చూద్దామని పోయాను.

పందిరి కిక్కిరిసింది. గోడ అవతల బండలు దింపడానికి వచ్చిన గని మనుషులు కూడా ఆగి నిలబడ్డారు. షాహజాది మాట ప్రకారం తిట్లు అందుకుంది. వియ్యంకుణ్ణి తిట్టింది, వియ్యపురాలిని ఉతికి ఆరేసింది, సేటు జల్లెడ మళ్లీ తీసింది. జనం ఈలలు వేశారు. పాత షాహజాది తిరిగొచ్చిందన్నారు. అప్పుడు ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకొక్క మనిషిని తిట్టేది మిగిలింది" అంది. రహీమాబీ వైపు చూసి తలాడించింది. మొదటి పొర తీస్తే మట్టి...

సేటు లేచి నిలబడ్డాడు. "ఏమనుకున్నం మనం?"

"గాలీ అనుకున్నం. వస్తది, కూసోండ్రి" అంది పాట మధ్యలోనే.

టేపులో విన్న పాట కాదది. రెండో పొర, మూడో పొర. ఆడవాళ్లు కొందరు లేచి లోపలికి పోయారు. పోనీ అన్నట్టు ఆమె గొంతు పెంచింది. ఏడో పొర దగ్గర ఢోలక్ ఆగింది. రాయి దెబ్బ ఒక్కటే నడుస్తోంది. దగ్గు రావలసిన చోట ఆమె తలెత్తి, పాత తిట్ల వరుసలో, పందిరి దద్దరిల్లేలా అందుకుంది.

"అజమత్, ఓ అజమత్! కొండను చీల్చిన అజమత్! రాయి తింటివి, దుమ్ము తింటివి, నా కూరల మాత్రం ఉప్పెక్కువంటివి!"

ఒక్కరు నవ్వలేదు. మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు, వస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. అన్ని ఇళ్లలోనూ ఆడపిల్లకు ఊహ తెలియగానే నేర్పే మాట ఇది. అందులోనూ పెళ్లింట్లో, పోయినవాడి పేరు. సేటు భార్య ఇందిరమ్మ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని, "పెండ్లింట్ల గిదేందే, మొగని పేరు తీస్తవా?" అంది.

"తీస్తే ఉమర్ తగ్గుతదన్నరు. ఇరవయ్యేండ్లు తియ్యలే. తగ్గకపాయెనా?" అంది షాహజాది. పందిరి అంతా ఒకసారి కలియజూసింది. "ఊరందరి పేర్లు పాడిన. మా ఇంటాయన పేరు ఒక్కనాడు పాడలే. నోటితోని తియ్యరాదంటిరి, అందుకే రికార్డింగ్ నాడు ఆయన్నే తెచ్చి పక్కన కూసోబెట్టుకున్న. మీరు ఖరాబ్ అన్న దగ్గు గదే. గదే ఆయన పేరు."

రహీమాబీ రాయి ఆగలేదు. గోడ అవతల నుంచి గని మనిషి ఒకడు "అజమత్!" అని గట్టిగా అందుకున్నాడు, తర్వాత ఇంకొకడు, తర్వాత అందరూ. షాహజాది ఎనిమిదో పొరకు పోయింది. పాట చివరి దాకా పాడింది. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అందరూ మారిపోయారని చెబితే అబద్ధం. సేటు తను పోయే దాకా మొదటి క్యాసెట్టే మంచిదన్నాడు. రాజేందర్ రెండోది మళ్లీ దుకాణంలో పెట్టలేదు. ఆమె తన సంచిలో వేసుకుని పెళ్లిళ్లకు తెచ్చేది, అడిగినవాళ్లకు ఇచ్చేది, అడగనివాళ్లకు వినిపించేది.

ఆ రోజు పందిరి ఖాళీ అయ్యాక నేను ఆమె దగ్గరకు పోయాను. కాగితం అంటించింది, మీట నొక్కింది, దవాఖానలో ఆయనకే గొప్పగా చెప్పుకున్నది, అంతా చెప్పేశాను. చెప్పి ఏడ్చాను.

ఆమె వింటూ కూర్చుంది. తిట్టమని మనసులోనే బతిమాలుకున్నాను. చివరికి రహీమాబీ చేతిలోని రాయి తీసుకుని ఢోలక్ మీద ఒక దెబ్బ వేసింది.

"ఓ అరుణాదేవమ్మా, పిల్లల పలకలు చాలక నా మొగన్ని తుడిస్తివమ్మా!"

అలీమాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఏడుస్తూనే నవ్వాను.

"రెండో దిక్కు గూడ తుడిసినవా?" అంది షాహజాది.

"లేదు ఆపా. మల్ల అదే పాటని ఆ దిక్కు ముట్టనే లేదు."

"అయితే ఉన్నడు పో. ఇంటికి పోయి తిప్పు."

ఆ సాయంత్రమే బండి దిగి, ఇంటికొచ్చి, క్యాసెట్ తిప్పి పెట్టాను. ఏడో పొర దాకా కదలకుండా కూర్చున్నాను. దగ్గాడు.