బావ ప్యాంటుకి నేను చేసిన సేవ

నిన్నటి నుంచి మా బావ నాతో మాట్లాడటం లేదు. తప్పు డ్రయ్యర్‌దని చెప్పి చూశాను. అక్క కూడా నమ్మలేదు!

నేను నాచారంలో అక్కావాళ్లింట్లో ఉంటాను. బావకి ఇక్కడే మందుల కంపెనీలో కొత్త ఉద్యోగం. యూనిఫాం ఒక్క జతే ఇచ్చారు, అది లేకుండా గేటు దాటనివ్వరు. నిన్న మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు. ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసిన ఆ తెల్లప్యాంటు మీద పొద్దున్నే సాంబారు ఒలకబోసిందెవరో మీరే ఊహించుకోండి.

"ఫికర్ జెయ్యకు బావా, గంటల ఆరబెట్టిస్త!" అని ఉతికేశాను.

బయట ముసురు. అయితేనేం, డ్రయ్యర్ ఉంది కదా! పోచారంలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే బావ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. ఆన్ చేస్తే గిర్రున తిరిగింది. కాసేపాగి తీసి చూస్తే ప్యాంటు ఫ్రిజ్‌లోంచి తీసిన కొత్తిమీర కట్టలా ఉంది.

"తిరుగుతుంది గని వేడి అయితలేదు బావా."

"నీ లెక్కనే. తిరుగుడే, పని లేదు."

యూట్యూబ్ పెట్టుకుని కూర్చున్నాను. ఫిల్టర్‌లో నూగు దులిపాను. ప్లగ్ మార్చాను. బటన్లన్నీ నొక్కాను. రెండు దెబ్బలు కూడా వేశాను. బావ లుంగీలో నిలబడి టార్చ్ పట్టాడు.

"జర సక్కగ పట్టు బావా. ఆరకపోతే లుంగీ మీదనే పో, కొత్త ఫ్యాషన్ అంటరు."

"నౌకరి పోతే అందరం ఇంట్లనే ఫ్యాషన్ షో పెట్టుకుందాం."

నా నవ్వు ఆగిపోయింది. చేరి ఇంకా నెల కూడా కాలేదు పాపం.

ఓపిక అయిపోయి నేల మీద కూలబడ్డాను. ఫోన్లో వీడియో ఇంకా మాట్లాడుతూనే ఉంది: మెషీన్ వెనక గాలి పోయే జాలీ మూసుకుపోతే హీటర్ దానంతటదే ఆగిపోతుందట, డ్రమ్ము మాత్రం తిరుగుతుందట, చల్లారాక వేడి మళ్లీ వస్తుందట. వెనక్కి వెళ్లి చూశాను. జాలీ లేదు. గులాబీ పువ్వులున్నాయి!

కవరు! మా ఇంట్లో ఫ్రిజ్‌కి కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కి కవరు, రిమోట్‌కి కవరు. డ్రయ్యర్‌కి దుమ్ము పడుతుందని ఏఎస్ రావు నగర్ అంతా తిరిగి, నాలుగు వైపులా బిగుతుగా పట్టే కవరు తెచ్చి తొడిగాను. బట్టలు వేయడానికి ముందు జిప్ తెరిస్తే చాలు, అంత సౌకర్యం.

"గీ కవరు ఎవరు తొడిగిన్రు?" అన్నాడు బావ.

"నిన్ను గూడ స్వెటరేసి, మూతి గట్టి ఉరికించాలె," అంది అక్క నాతో.

కవరు పీకేశాం. మెషీన్ చల్లారేదాకా పేపరు పెట్టి విసిరాను. మళ్లీ ఆన్ చేస్తే, వేడి! టైమ్ లేదని ఫుల్ హీట్ పెట్టేశాను. ప్యాంటు అప్పడంలా ఆరింది.

బావ తొడుక్కున్నాడు. ప్యాంటు అంచు పిక్కల దగ్గరే ఆగిపోయింది. కాటన్ కదా, కుంచించుకుపోయింది! అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"పొడిగనైతే ఉంది గద బావా," అన్నాను. బావ బండెక్కి వెళ్లిపోయాడు. గేటు దగ్గర ఆపలేదట, అదే పదివేలు.

ఇవాళ పొద్దున ఆ ప్యాంటు దర్జీ దగ్గరికి పట్టుకెళ్లాను, కింద మడత విప్పితే కాస్త పొడవు పెరుగుతుందేమోనని. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని చూసి, "బాబు ఏ క్లాసమ్మా?" అన్నాడు.

జరిగిందంతా చెప్పే ఓపిక లేదు. "ఏడో క్లాసు," అన్నాను.