ధనమాయ నోట పలకని పేరు

అరవై రెండేళ్ల ధనమాయ రాయ్‌కి అమెరికా రాజ్యాంగం నోటికొచ్చు. సెనేటర్లెందరో, జెండా మీద చారలెన్నో, అధ్యక్షుడు పోతే ఆ కుర్చీ ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో చర్చి కింది గదిలో నడిచే పెద్దల ఇంగ్లీషు బడికి ఆమె గర్వకారణం. పౌరసత్వం వస్తే పాస్‌పోర్టు వస్తుంది, పాస్‌పోర్టు వస్తే నార్వేలో ఉన్న చెల్లెలు కంటపడుతుంది. ఆమె చదువంతా అందుకే.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆ చదువు ఆగిపోయేది. మీ భర్త పేరేమిటి?

ధనమాయ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగేది. భూటాన్ పొలంలో గాని, అక్కణ్ణించి తరిమేస్తే తలదాచుకున్న నేపాల్ శరణార్థి శిబిరంలో గాని, నలభై నాలుగేళ్ల కాపురంలో ఆ పేరు ఆమె నోట వచ్చింది లేదు. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని పెద్దలన్నారు. నిజమో కాదో పరీక్షించి చూడాలని ఆమెకెన్నడూ తోచలేదు.

బడి నడిపే లొరెట్టా టీచరమ్మది సేవాహృదయం. ఇంగ్లీషు రానివాళ్లకు చెవుడు కూడా ఉంటుందని ఆమె నమ్మకం. అందుచేత అదే ప్రశ్నను మరింత గట్టిగా, మరింత నెమ్మదిగా అడిగింది. ఫలితం లేకపోయేసరికి బడి కమిటీ కూర్చుంది. మతిమరుపేమోనని ఒక డాక్టరు, మొగుడు కొడుతున్నాడేమోనని ఒక సలహాదారు వచ్చి చూసిపోయారు. చివరికి దుభాషిగా ఉన్న కోడలు బిష్ణుమాయ అసలు సంగతి విప్పి చెప్పింది. కమిటీ ఆ ఆచారాన్ని మనఃపూర్వకంగా గౌరవిస్తూ తీర్మానం చేసి, దాన్ని మాన్పించడానికి వారానికి రెండు గంటల అభ్యాసం పెట్టింది. ముందు నువ్వు పలుకు, ఆవిడ నీ వెనక పలుకుతుందని టీచరమ్మ బిష్ణుమాయతో అంది.

"మామగారి పేరు నేనా?" అని బిష్ణుమాయ కూడా గోడవైపు తిరిగింది.

ఇంట్లో మొగుడే బతిమాలాడు. "పలికెయ్యవే. డెబ్భై దాటినవాణ్ణి, ఇంకేం తగ్గుతుంది?"

"నేను చెల్లెల్ని చూసొచ్చాక తగ్గించుకుందువులే," అంది ధనమాయ.

పౌరసత్వ పరీక్షనాడు అధికారి అడిగినవన్నీ చెప్పింది. ఆ ప్రశ్న రానే వచ్చింది. ఆమె గోడవైపు చూసింది. అధికారి కలం పైకి లేచింది. చెల్లెలు చెయ్యిజారిపోతున్నట్టనిపించి, ధనమాయ శాలువా అంచు కిందికి దించింది.

"ఆ దరఖాస్తు కాగితంలో రాసే ఉంది కదా బాబూ. మాలో ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో చెప్పం. మీరు పైకి చదవండి, తప్పయితే నేను తప్పంటాను," అంది, ఇంగ్లీషులోనే, ఎక్కడా తడబడకుండా.

అతను చదివాడు. తప్పేం లేదంది. ఇంత మాట్లాడగలిగినావిడ ఇంగ్లీషు గురించి వేరే విచారణ అక్కర్లేదని అతను పాసు రాసేశాడు.

అభ్యాసం ఫలించిందని కమిటీ వార్షిక నివేదికలో రాసుకుంది. అది అచ్చయ్యే వేళకి ధనమాయ చెల్లెలికిష్టమైన ఎండు ఆకుకూరతో సూట్‌కేసు నింపి, అది మూతపడక, మొగుణ్ణి పిలిచి దానిమీద కూర్చోబెట్టింది.